డిజిటల్ మిక్సర్ మొండికేస్తే: లక్షణం ఏంది, కారణం ఏంది, ఏం చెయ్యాల

తిరుపతి, చిత్తూరు, పలమనేరు పక్క సౌండ్ సర్వీస్ పెట్టుకున్నోళ్ళు చానామంది ఇప్పుడు అనలాగ్ మిక్సర్ పక్కనబెట్టి లక్ష లోపల డిజిటల్ మిక్సర్ కోసం చూస్తా ఉండారు. మంచిదే, ఈక్వలైజర్ రాక్కు, ఎఫెక్ట్స్ రాక్కు, లావు మల్టీకోర్ (చానా మైకు లైన్లు ఒకే కట్టగా పోయే వైరు) మోసే బాధ తప్పుతాది. అయితే కొన్నాక వచ్చే కంప్లైంట్లు వింటే సగానికి సగం మిక్సర్ చెడిపోయి వచ్చేవి కావు, కొనేటప్పుడు ఇన్‌పుట్లు ఎన్ని అని మాత్రం లెక్కబెట్టి, అవుట్‌పుట్లు, వైఫై, కరెంటు ఈ మూడూ వదిలేస్తే వచ్చేవి. అందుకే ఒక్కో సమస్యకి ఆల్రెడీ కొనేసి ఉంటే ఏం చెయ్యాల, ఇంకా కొనకపోతే ఏం చూసుకోవాల అని రెండూ రాస్తా.

హాల్ నిండగానే టాబ్ కనెక్షన్ పోతాది

ఎక్కువ మంది మొత్తుకునేది దీని గురించే. పొద్దున ఖాళీ కల్యాణ మండపంలో హాల్ చివరి దాకా నడిచి చూసినా, వైఫైతో మిక్సర్ని నడిపే టాబ్ బాగా పనిచేస్తాది, ముహూర్తం టైంకి జనం నిండినాక ఫేడర్ (సౌండ్ పెంచే, తగ్గించే మీట) జరిపితే జరగదు, స్క్రీన్ మీద గుండ్రంగా తిరగతా ఉంటాది. కారణం ఏందంటే, చిన్న రాక్ మిక్సర్లలో లోపలే ఉండే వైఫై చానావాటికి 2.4 గిగాహెర్ట్జ్‌దే. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలకుండా వాడుకోగలిగేది 1, 6, 11 అని మూడే ఛానళ్ళు, హాల్లో వందల ఫోన్లు, మండపం వాళ్ళ వైఫై, బ్లూటూత్, కొన్ని చవక వైర్‌లెస్ మైకులు కూడా అక్కడే ఉంటాయి. దానికి తోడు మిక్సర్ స్టేజీ మీద కింద, బాక్సుల ఎనకాల ఉంటాది, మధ్యలో ఇంతమంది జనం, సిగ్నల్ ఏడ నుంచి వస్తాది.

చెయ్యాల్సింది: లోపలి వైఫై మర్చిపోండి. డ్యూయల్ బ్యాండ్ రౌటర్ ఒకటి కొని మిక్సర్ ఈథర్‌నెట్ పోర్టుకి లాన్ కేబుల్‌తో కలిపి, టాబ్‌ని 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టండి, ఛానల్ ఆటో వదలకుండా 36 నుంచి 48 లోపల ఒకటి ఫిక్స్ చేసుకోండి. రౌటర్‌ని మైక్ స్టాండ్‌కి కట్టి తలల పైకి లేపండి, 5 గిగాహెర్ట్జ్ దూరం తక్కువ పోతాది కాబట్టి ఇది ముఖ్యం. టాబ్‌లో మొబైల్ డేటా ఆఫ్ చెయ్యాల, ఎందుకంటే ఈ రౌటర్‌లో ఇంటర్నెట్ లేదని టాబే తెలివిగా వైఫై వదిలేసి డేటాకి పోతాది, మనం మిక్సర్ని తిట్టుకుంటా కూర్చుంటాం. లాప్‌టాప్ ఒకటి వైరుతో కలిపి పెట్టుకుంటే ఇంకా నిమ్మళం.

ఇంకో మాట, కనెక్షన్ పోయినా సౌండ్ ఆగదు, మిక్సర్ దాని పని అది చేసుకుంటానే ఉంటాది. కంగారుపడి మిక్సర్ ఆఫ్ చేసి ఆన్ చేసేవాళ్ళు ఉండారు, అట్ల చేస్తేనే తాళి కట్టేటప్పుడు సౌండ్ పోతాది.

కొనేవాళ్ళకి: బెరింగర్ ఎక్స్‌ఆర్ 18, మిడాస్ ఎంఆర్ 18 లాంటివాటికి ఫేడర్లు ఉండవు, అంతా టాబ్‌లోనే, కాబట్టి రౌటర్ ఖర్చు మిక్సర్ ధరలో కలిపే లెక్కేసుకోండి. సౌండ్‌క్రాఫ్ట్ యూఐ సిరీస్ బ్రౌజర్‌లోనే ఓపెన్ అవుతాది, యాప్ అక్కర్లేదు, ఏ ఫోన్ అయినా సరే, యూఐ 24ఆర్‌లో అయితే లోపలి వైఫై కూడా డ్యూయల్ బ్యాండ్. అయినా బయట రౌటర్ పెట్టమనే నేను చెప్తా.

సౌండ్ చెక్‌లో బాగుంది, గట్టిమేళంలో పగిలిపోయింది

సౌండ్ చెక్‌లో నాదస్వరం ఆయన రెండు స్వరాలు మెల్లగా ఊది పక్కనబెడతాడు, మనం దానికే గెయిన్ (మైకు సిగ్నల్‌ని మొదట్లోనే పెంచేది) పెంచి పెట్టుకుంటాం. తర్వాత గట్టిమేళం అనగానే డోలు, నాదస్వరం రెండూ కలిసి లేస్తాయి, ప్రీయాంప్ (ఆ గెయిన్ ఇచ్చే భాగం) క్లిప్ అయిపోతాది, అంటే హద్దు దాటి పగులుతాది. అనలాగ్‌లో కొంచెం ఎరుపు తగిలినా చెవి ఒప్పుకుంటాది, డిజిటల్‌లో జీరో దాటితే అంతే, గరగరమని తెగిపోతాది. అప్పుడు చానామంది ఫేడర్ కిందికి లాగుతారు, ఏం లాభం, పగిలింది ఫేడర్ కంటే ముందు కదా, పగిలిన సౌండే కొంచెం తక్కువగా వస్తాది.

గెయిన్ తగ్గించండి. మామూలు వాయింపు మీటర్లో మైనస్ 18 దగ్గర ఆడాల, గట్టిగా లేచినప్పుడు మైనస్ 10, మైనస్ 6 దాటకూడదు. మీటర్ సగమే లేస్తా ఉందే అని బాధపడద్దు, 24 బిట్ కన్వర్టర్లలో తక్కువ లెవల్‌కి నాయిస్ వచ్చే భయం పెద్దగా లేదు. మెయిన్‌లో వాల్యూమ్ చాలకపోతే యాంప్ దగ్గర పెంచుకోవాలే గాని మైక్ గెయిన్‌లో కాదు. నాదస్వరానికి కండెన్సర్ బదులు మంచి డైనమిక్ మైకు, గొట్టం మూతికి అతికించకుండా అడుగు దూరంలో పెడితే సగం తలనొప్పి అక్కడే పోతాది. ఎప్పుడైనా సౌండ్ చెక్ అడిగేటప్పుడు "సామీ, గట్టిమేళం ఒకసారి వాయించండి" అని అడగండి, సిగ్గుపడద్దు.

ఇన్‌పుట్లు మిగిలినాయి, మానిటర్లు చాలలేదు

ఇది కొనేటప్పటి తప్పే, తర్వాత సరిచేయడం కష్టం. అన్నమయ్య కీర్తనల కచేరికి గాత్రం, వయొలిన్, మృదంగం రెండు పక్కలు, ఘటం, శ్రుతి, అనౌన్సర్, ఎంత లెక్కేసినా 10 దాటదు. పాటల ఆర్కెస్ట్రా అయితే కీబోర్డులు రెండూ స్టీరియో, పాడ్, తబలా, డోలక్, బేస్, గిటార్, ట్రాక్ వేసే లాప్‌టాప్, పాడేవాళ్ళు నలుగురు, 18 చాలడం కష్టం. కానీ రెండిట్లోనూ ముందు చూడాల్సింది ఎంతమందికి వేరే వేరే మానిటర్ (స్టేజీ మీద వాళ్ళకి వాళ్ళు వినేది) కావాల అనేది. ఎక్స్‌ఆర్ 18కి ఆక్స్ అవుట్లు (మానిటర్లకి పంపేవి) 6, అంటే మామూలు మానిటర్ అయితే ఆరుగురికి, చెవిలో పెట్టుకునే స్టీరియో ఇన్-ఇయర్ అయితే ముగ్గురికే. ఎక్స్‌ఆర్ 12 ఇంకా చవకని తీసుకుంటారు, దాంట్లో మైక్ ప్రీయాంపులు నాలుగే, మిగతావి లైన్ ఇన్‌పుట్లు, బాక్స్ మీద 12 అని చూసి మోసపోవద్దు.

ఆర్కెస్ట్రా ఎక్కువ చేసేవాళ్ళు కొంచెం ఆగి డబ్బు పోగేసి బెరింగర్ ఎక్స్‌32 కాంపాక్ట్ చూడండి. దాని మీద మైక్ ఇన్‌పుట్లు 16, అవుట్లు 8 ఉన్నా లోపల ప్రాసెసింగ్ పెద్ద ఎక్స్‌32దే, తర్వాత ఎస్ 16 స్టేజ్ బాక్స్ (స్టేజీ మీద పెట్టే ఇన్‌పుట్, అవుట్‌పుట్ డబ్బా) తగిలిస్తే ఇంకో 16 మైకులు, 8 అవుట్లు వస్తాయి. 96 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ (సౌండ్‌ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తాదనేది) ఉండాది అని ఎవరైనా ఊరిస్తే మన మండపాల రేకుల కప్పు కింద ఆ తేడా వినపడదు, ఆ డబ్బు స్పీకర్లకి పెట్టండి.

ఆల్రెడీ చిన్నది కొనేసి ఉంటే: తబలా, డోలక్ వాళ్ళిద్దరికీ ఒకే మానిటర్ లైన్ ఇచ్చి యాంప్‌లో పంచండి, పాడేవాళ్ళకి మాత్రం వేరే ఉంచండి.

కరెంటు పోయి వస్తే మళ్ళీ మొదటికి వస్తాది

అనలాగ్ అయితే జనరేటర్ రాగానే సౌండ్ వస్తాది. డిజిటల్ లోపల కంప్యూటరే కాబట్టి బూట్ అవ్వాల, దాని తర్వాత రౌటర్ బూట్ అవ్వాల, తర్వాత టాబ్ కనెక్ట్ అవ్వాల. మన చిత్తూరు పక్క ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర 18 రోజుల భారతం జరిగేటప్పుడు రాత్రంతా నాటకం, పాంచాలి పద్యం మధ్యలో నిమిషం సౌండ్ లేకపోతే జనం ఊరుకుంటారా.

కంప్యూటర్ షాపుల్లో దొరికే చిన్న యూపీఎస్ ఒకటి మిక్సర్‌కి, రౌటర్‌కి మాత్రం పెట్టండి, యాంపులు దానికి కలపద్దు, మోయదు. సౌండ్ చెక్ అయిన వెంటనే సీన్ (మిక్సర్ సెట్టింగులన్నీ కలిపి) సేవ్ చేసుకోండి, సేవ్ చెయ్యకుండా కరెంటు పోతే చివర్లో మార్చినవి పోవచ్చు.

మూడు ఫేజుల లైన్‌లో న్యూట్రల్ లూజైతే 230 ఉండాల్సిన చోట 400 దాకా వస్తాది, మిక్సర్ కాదు మొత్తం సెట్టే పోతాది. ప్లగ్ పెట్టే ముందు మల్టీమీటర్‌తో ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

గుయ్యిమని హమ్

ఎక్కువసార్లు లాప్‌టాప్ చార్జర్, లేకపోతే కీబోర్డ్ అడాప్టర్. చార్జర్ పీకి చూడండి, హమ్ ఆగితే డీఐ బాక్స్ (లైన్‌ని మైకు సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా) పెట్టి, దాని మీద గ్రౌండ్ విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. ఎర్త్ పిన్ను విరిచి వాడొద్దు, మైకు పట్టుకున్న మనిషికి షాక్ కొట్టేది అందుకే. సౌండ్‌కి, సీరియల్ సెట్లకి, డిమ్మర్లకి వేరే వేరే లైన్ తీసుకోండి.

అన్నీ బాగున్నాయి, సౌండ్ మాత్రం లేదు

మ్యూట్ గ్రూప్ నొక్కి ఉందా, డీసీఏ (చానా ఛానళ్ళని ఒకేసారి పెంచే, తగ్గించే ఫేడర్) కిందకి ఉందా, ఛానల్ మెయిన్‌కి అసైన్ అయి ఉందా, ఇన్‌పుట్ సోర్స్ యూఎస్‌బీ మీదికి మారిపోయి ఉందా, ఇదే వరసలో చూడండి. నిన్న ఇంకొకరు రికార్డింగ్‌కి వాడి ఉంటే నూటికి తొంభై చివరిదే. ఇట్లాంటిదే ఇంకోటి, నిన్న ఆర్కెస్ట్రాకి పెట్టిన రివర్బ్ ఇవాళ పంతులు మంత్రాల మీద మోగతా ఉంటాది. పెళ్ళికి ఒకటి, కచేరికి ఒకటి, భారతానికి ఒకటి ఖాళీ సీన్లు చేసిపెట్టుకుని అక్కడి నుంచే మొదలుపెట్టండి.

హాల్లో ఫేడర్ తగ్గిస్తే మానిటర్లోనూ తగ్గుతా ఉంటే, ఆ మానిటర్ లైన్ (బస్) పోస్ట్ ఫేడర్‌లో, అంటే ఫేడర్ తర్వాత సిగ్నల్ తీసుకునేట్లు ఉండాది, ఫేడర్‌కి ముందు తీసుకునే ప్రీ ఫేడర్ చెయ్యండి, అంతే.

స్టేజ్ బాక్స్ కేబుల్ తగిలితే టపటపమంటాది

మిక్సర్ని స్టేజ్ బాక్స్‌కి కలిపే ఏఈఎస్ 50 వైరు చూడ్డానికి లాన్ కేబుల్ మాదిరే ఉంటాది, అందుకని ఇంట్లో ఇంటర్నెట్‌కి వాడే మామూలు వైరు తగిలిస్తారు. షీల్డ్ ఉన్న క్యాట్ 5ఈ, రెండు కొనల్లో లోహపు ఈథర్‌కాన్ కనెక్టర్లు ఉన్నదే వాడాల, షీల్డ్ లేకపోతే స్టాటిక్ కొట్టినప్పుడల్లా సింక్ తప్పి సౌండ్ తెగుతాది. స్పేర్ వైరు ఒకటి బండిలో పడేసి ఉంచండి.

సెకండ్ హ్యాండ్ ఎక్స్‌32 కోసం చెన్నై, బెంగళూరు పోయేవాళ్ళు ఒక డైనమిక్ మైకు, ఒక కండెన్సర్ మైకు, ఒక హెడ్‌ఫోన్ చేతిలో పట్టుకుని పోండి. ప్రతి ఇన్‌పుట్లోనూ మైకు పెట్టి మాట్లాడి, కండెన్సర్‌తో ఫాంటమ్ (ఆ మైకుకి మిక్సర్ ఇచ్చే కరెంటు) వస్తా ఉందా చూసి, సీన్ మార్చి ఫేడర్లు అన్నీ ఒకేసారి కదలతా ఉండాయా చూడండి. అరగంట ఆన్‌లో పెట్టి అప్పుడు డబ్బివ్వండి, వేడెక్కినాకే బయటపడే జబ్బులు కొన్ని ఉంటాయి.