పిల్లలకి కుక్క సినిమా పెట్టే ముందు

వేసవి సెలవులకి మా చెల్లెలి పిల్లలు గుంటూరు వచ్చారంటే రిమోట్ నా దగ్గరే ఉంటుంది. కుక్క సినిమా కావాలంటే ముందు ఆఖరి అరగంట నేనొక్కదాన్నే చూసేస్తాను. కథ తెలిసిపోతే ఇంకేం బాగుంటుంది అంటారా? అర్ధరాత్రి ఏడుస్తూ లేచిన పిల్లని ఊరుకోబెట్టాల్సింది నేనే మరి. సర్టిఫికెట్ మీద యూ అనో, యూఏ 7+ అనో ఉంటుంది గానీ కుక్క బతుకుతుందో లేదో అందులో రాయరు. మనకి కావాల్సిందేమో అదే.

ఆరేడేళ్ల వాళ్లకైతే 'ఓ మై డాగ్' (2022) పెట్టండి. చూపు లేని కుక్కపిల్లని ఒక బడిపిల్లాడు చేరదీస్తాడు. అందులో తాత, తండ్రి, కొడుకుగా చేసిన విజయకుమార్, అరుణ్ విజయ్, అర్ణవ్ బయట కూడా అదే వరస. ఈ మాట చెబితే పిల్లలు ఇంకా శ్రద్ధగా చూస్తారు. మధ్యలో కాస్త సాగుతుంది, ఆ టైములో పునుగులు వేసుకోవచ్చు.

ఇంగ్లీషు వచ్చిన పిల్లలుంటే 1943 నాటి 'లాస్సీ కమ్ హోమ్' కూడా మంచిదే. ఇల్లు గడవక అమ్మేసిన కుక్క స్కాట్లాండ్ నుంచి నడిచి నడిచి మళ్లీ పిల్లాడి దగ్గరికే వస్తుంది. ఆడకుక్కగా నటించిన పాల్ నిజానికి మగకుక్క!

'777 చార్లీ' (2022) పదేళ్లు దాటాకే. రెండున్నర గంటలు పైనే ఉంటుంది, అందుకని రెండు మధ్యాహ్నాలుగా చూపించండి. రెండో సగం మాత్రం రాత్రిపూట వద్దు. చార్లీకి క్యాన్సర్, చివరికి చనిపోతుంది. పిల్లలు అడిగితే 'నిద్రపోయింది' అనకండి, ఆ తర్వాత వాళ్లే పడుకోవడానికి భయపడతారు. చనిపోయిందనే చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి, పక్కన కూర్చుంటే చాలు.

1957లో వచ్చిన 'ఓల్డ్ ఎల్లర్' ఇంకా బరువు. ఇంటివాళ్లని కాపాడబోయి తోడేలు కాటు తిన్న కుక్కకి రేబిస్ వస్తుంది, దాన్ని పెంచుకున్న పిల్లాడే కాల్చాల్సి వస్తుంది. పన్నెండు దాటనిదే వద్దంటాను. చూపిస్తే మాత్రం టీవీ కట్టేసి వెంటనే ఈ సంగతి మాట్లాడండి: కుక్క కరిచినా, గోరు గీసుకున్నా ఇంట్లో దాచకూడదు. పంపు కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ఆస్పత్రికెళ్లి ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. పసుపు, సున్నం లాంటివి పూయకూడదు. తిడతారని దాచే పిల్లలే ఎక్కువ, అందుకే 'ఎవరూ ఏమీ అనం' అని ముందే మాటివ్వండి.

ఇక ఏ సినిమా అయినా అయ్యాక వచ్చే మాట ఒకటే: 'పెద్దమ్మా, మనమూ ఒకటి కొందామా?' జవాబు భార్యాభర్తలు ముందే అనుకుని ఉంచుకోవాలి. ఒకరు చూద్దాంలే అని, ఇంకొకరు కుదరదంటే సెలవులన్నీ అదే రభస. 'ఓ మై డాగ్'లో ఉన్నది హస్కీ, చలిదేశపు జాతి. మా గుంటూరు మే ఎండల్లో దాన్ని తెచ్చిపెట్టడం పాపం.

మా ఇంట్లో గేటు పక్కన వీధికుక్కలకి సిమెంటు తొట్టిలో నీళ్లు పెట్టే పని పిల్లలకి అప్పజెప్పాం. కుక్క తింటున్నప్పుడు, కుక్కపిల్లల్ని పెట్టుకుని ఉన్నప్పుడు దగ్గరికి పోకూడదన్నది షరతు. తొట్టి రోజూ కడిగించండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.