క్యూజీఐఎస్‌లో మన ఊరి బావి సముద్రంలో కనిపిస్తోందా? సమస్య - పరిష్కారం

మా మేనకోడలు ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గుణుపురం నుంచి కాశీనగర్ దాకా వంశధార పక్క ఊళ్ళన్నీ ఎండలో తిరిగి 43 బావుల నీటిమట్టం కొలిచింది, ఫోన్‌లో చూసి లొకేషన్లు రాసుకుంది, ఇంటికొచ్చి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒక్క బావి కూడా ఒడిశాలో లేదు. "మావయ్యా, మళ్ళీ తిరగాలా?" అని ఫోన్ చేసింది, గొంతు వణికిపోతోంది. అక్కర్లేదమ్మా అన్నాను. క్యూజీఐఎస్ 2002 నుంచి ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్, లైసెన్సు కొనలేని మన వైపు పిల్లలకి నిజంగా పెద్ద ఆసరా, అది డేటాని పాడు చెయ్యదు, మనం చెప్పిన చోట పెడుతుంది అంతే. బావి ఎక్కడ పడిందో చూస్తే తప్పేంటో దాదాపు తెలిసిపోతుంది. ముందు అసలు ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి, తర్వాత ఇవి చూడండి.

ఉత్తర ధ్రువం వైపు పడితే

అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. మనకి అక్షాంశం 19 దగ్గర, రేఖాంశం 84 దగ్గర, అవి అటుదిటు అయితే పాయింటు ఆర్కిటిక్ సముద్రంలోకి పోతుంది. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) లోడ్ చేసేటప్పుడు ఎక్స్ ఫీల్డ్‌లో రేఖాంశం, వై ఫీల్డ్‌లో అక్షాంశం పెట్టాలి. మనం నోటితో ఎప్పుడూ అక్షాంశమే ముందు చెప్తాం కదా, అక్కడే పొరపాటు. మా పిల్లదీ ఇదే, రెండు నిమిషాల్లో బావులన్నీ ఇంటికొచ్చేశాయి.

ఆఫ్రికా పక్కన, అన్నీ ఒకే చుక్కలా పడితే

డిగ్రీల్లో ఉన్న అంకెల్ని క్యూజీఐఎస్ మీటర్లనుకుంది, అంటే సీఆర్‌ఎస్ (అంకెల్ని ఏ కొలత పద్ధతిలో చదవాలో చెప్పేది) దగ్గర మీటర్ల పద్ధతి 3857 ఎంచుకున్నారు. బావుల లేయర్ (మ్యాప్ మీది పొర) మీద రైట్ క్లిక్ చేసి సెట్ లేయర్ సీఆర్‌ఎస్‌లో ఈపీఎస్‌జీ 4326, అంటే డిగ్రీల పద్ధతి కోడ్, పెట్టండి.

ఊరి దగ్గరే ఉంది గానీ ఏటికి అవతల పడితే

ఇది ప్రమాదం, ఎందుకంటే మ్యాప్ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఫోన్‌లో 19 డిగ్రీల 4 నిమిషాల 48 సెకన్లు అని ఉంటే చాలామంది 19.0448 అని కొట్టేస్తారు. అసలు లెక్క నిమిషాల్ని 60తో, సెకన్లని 3600తో భాగించి కలపాలి, అప్పుడు 19.08 వస్తుంది, రెండిటికీ మధ్య దాదాపు 4 కిలోమీటర్ల తేడా. గుర్తు పట్టడం ఎలాగంటే అన్ని బావులకీ దశాంశం తర్వాత మొదటి నాలుగు అంకెల్ని రెండేసి చొప్పున విడదీసి చూడండి, ఒక్క బావికీ 60 గానీ అంతకు మించి గానీ లేదంటే దాదాపు ఇదే తప్పు. సీఎస్‌వీ లోడ్ చేసే చోట డీఎంఎస్ (డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు) కోఆర్డినేట్స్ అని ఒక టిక్ ఉంటుంది, ఒకే గడిలో 19 4 48 లాగా నిమిషాలు సెకన్లు విడివిడిగా రాసుకుని ఉంటే అది పెడితే చాలు.

నిజామాబాద్ దగ్గరో, బంగాళాఖాతంలోనో పడితే

ఇది మన ఆంధ్రా-ఒడిశా బోర్డర్ వాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి. భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 84 డిగ్రీల రేఖ దగ్గర జోన్ మారిపోతుంది, ఆ రేఖ సరిగ్గా మన మధ్యలోంచే పోతుంది. రాయగడ, గుణుపురం 44వ జోన్, పర్లాకిమిడి కొంచెం దాటి 45లో పడింది, బరంపురం కూడా 45. పర్లాకిమిడిలో జీపీఎస్ ఇచ్చిన 45 జోన్ అంకెలకి 44 అని పేరు పెడితే ఆ పాయింటు ఆరు డిగ్రీలు పడమటికి జరిగి నిజామాబాద్ పక్కన తేలుతుంది, గుణుపురం అంకెలకి 45 అని పెడితే తూర్పుకి జరిగి సముద్రంలో పడుతుంది. ఇక్కడ సెట్ లేయర్ సీఆర్‌ఎస్‌తో అసలు జోన్ పెట్టండి, 44 అయితే ఈపీఎస్‌జీ 32644, 45 అయితే 32645.

తర్వాత అన్నిటినీ ఒకే జోన్‌లోకి తేవాలంటే మాత్రం రీప్రాజెక్ట్ లేయర్ వాడాలి, సెట్ కాదు. కందిపప్పు డబ్బా మీద పెసరపప్పు అని రాస్తే లోపల పప్పు మారదు కదా, సెట్ అనేది పైన పేరు మార్చడం, రీప్రాజెక్ట్ లోపలి అంకెల్నే మార్చడం. పర్లాకిమిడి పాయింట్లని కూడా 44లోకి తెచ్చుకోవచ్చా అని అడుగుతారు, తెచ్చుకోండి, జోన్ అంచున దూరంలో తేడా కిలోమీటరుకి మీటరు కూడా ఉండదు, బావుల పనికి అది లెక్కలోకి రాదు. రెండు జోన్లు కలిపేసుకోవడం కంటే ఇదే నయం.

బావి చుట్టూ 500 మీటర్ల బఫర్, అంటే వలయం, గీస్తే ప్రపంచమంతా కప్పేసిందంటే అదీ ఇదే గొడవ, లేయర్ ఇంకా డిగ్రీల్లోనే ఉంది, 32644కి రీప్రాజెక్ట్ చేసి మళ్ళీ గీయండి.

ఊరి పేర్లు పాడైతే

తెలుగు, ఒడియా పేర్ల బదులు నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు వస్తే భయం లేదు, పేర్లు లోపల భద్రంగా ఉన్నాయి, లోడ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని చదివే పద్ధతి) దగ్గర యూటీఎఫ్-8 పెడితే తిరిగొస్తాయి. వరసగా ప్రశ్న గుర్తులు వస్తే మాత్రం ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడే అక్షరాలు పోయాయి, ఆ ఫైల్లోంచి ఇంక రావు, అసలు ఎక్సెల్ ఫైలు ఉంటే సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని మళ్ళీ సేవ్ చెయ్యాలి. మా పిల్ల దగ్గర ఆ అసలు ఫైలు కూడా లేదు, చేత్తో రాసుకున్న నోట్‌బుక్ ఉంది కాబట్టి 43 పేర్లూ కూర్చుని మళ్ళీ కొట్టుకుంది.