పాయలో బోటు – మూడో పాఠం: సగం వేగంతోనే అసలు చిక్కు

పోయిన పాఠంలో ఇంధనం ఒలక్కుండా నింపడం, బోటు అడుగున చేరిన జిడ్డు నీళ్లు సముద్రంలోకి తోడెయ్యకుండా డబ్బాలోకి పట్టడం నేర్చుకున్నాం. దానికి ఒక చిన్న తోక మిగిలింది. చమురు ఒలికితే సబ్బు నీళ్లు చల్లొద్దు. పైన మెరుపు పోతుందే గాని చమురు ఎక్కడికీ పోదు, విరిగి నీటి లోపలికి దిగుతుంది. పాత గుడ్డతో అద్ది తీసెయ్యండి.

ఇవాళ కాకినాడ అఖాతంలోంచి కోరింగ మడ అడవి పాయలోకి బోటు తిప్పుతాం. పాఠం మొత్తం ఒక్క విషయం మీదే: మీ బోటు వెనక లేచే అల.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఇంజిన్ బోటు నడపడం నేర్చుకున్న కొత్తలో, పాయలోకి రాగానే మర్యాదగా వేగం సగానికి తగ్గించాను. మలుపులో ఓ పెద్దాయన చిన్న నావలో పీతల వేటలో ఉన్నాడు. నేను దాటిన కాసేపటికి వెనక్కి చూస్తే ఆయన డొక్కు డబ్బాతో నావలోని నీళ్లు తోడుకుంటున్నాడు. ఏమన్నాడో ఇక్కడ రాయను. సగానికి తగ్గించాను కదా, ఇంకేం చెయ్యాలి అనుకున్నాను అప్పుడు. ఆ సగమే కొంప ముంచింది.

బోటుకి మూడు నడకలుంటాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు నీటిని పక్కకి తోసుకుంటూ పోతుంది, అల చిన్నది. బాగా వేగం మీదుంటే ఫైబర్ బోటు లేచి నీటి పైపైన జారుతుంది, అప్పుడు అల కొంత తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య ఒక అవస్థ ఉంది. ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం కూరుకుపోతుంది, బోటు తాను లేపిన అలనే ఎక్కలేక గుంజుకుంటుంది. అన్నిటికంటే పెద్ద అల లేచేది అప్పుడే. పూర్తి వేగం నుంచి సగానికి తగ్గించినవాడు సరిగ్గా అక్కడికే చేరతాడు.

ఆ అవస్థ ఎక్కడ మొదలవుతుందో లెక్క కట్టొచ్చు. నీటిని తాకే బోటు పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో (సముద్రం మీద వేగం కొలిచే లెక్క) వేగం వస్తుంది. 25 అడుగులైతే వర్గమూలం 5, వేగం 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. పాయలో మనకి కావలసింది అందులో సగం: గంటకు ఆరు కిలోమీటర్లు, మనిషి కాస్త చురుగ్గా నడిచినంత. ఫోన్‌లో జీపీఎస్ వేగం చూసుకోండి. కంటి లెక్క ఎప్పుడూ మన పక్షమే మాట్లాడుతుంది.

అల ఎత్తు సగమైతే దెబ్బ సగమవుతుందనుకోకండి. అలలోని శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. 20 సెంటీమీటర్ల అలను 10కి తెస్తే ఒడ్డుకి తగిలేది నాలుగో వంతే. కోరింగ ఒడ్లు రాయి కావు, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఎగువన ఆనకట్టలు పెరిగాక నది తెచ్చే ఒండ్రు బాగా తగ్గింది. ఈ ఒడ్డు విరిగితే మళ్లీ పూడటం అంత తేలిక కాదు.

ఇంకో మెలిక ఆటుపోట్లది. పోటు నిండుగా ఉంటే అల మడ వేళ్ల మధ్యకి పోయి అక్కడే చితికిపోతుంది. ఆటు మీద నీరు దిగిపోయాక అదే అల ఒడ్డు కిందుగా మట్టిని తొలుస్తుంది. పైన చెట్టు నిలబడే ఉంటుంది, కింద పాదం ఖాళీ. అందుకే పోటు ఎక్కుతుండగా లోపలికి వెళ్లండి. పొరపాటున మేట మీద కూరుకున్నా ఎక్కే నీరే మిమ్మల్ని లేపుతుంది, ఇంజిన్ రేపి బురద కలపాల్సిన పని ఉండదు.

ఇప్పుడు చేతి పని. వేగం తగ్గించడం పాయ ముఖంలో కాదు, రెండు మూడు వందల మీటర్ల ముందే, అఖాతంలోనే. తగ్గిస్తున్నప్పుడు కూడా బోటు ఆ మధ్య అవస్థ గుండానే దిగుతుంది, ఆ పెద్ద అల బయటే చావాలి. థ్రాటిల్ (ఇంజిన్ వేగం పెంచి తగ్గించే పిడి) ఒక్కసారి మూసేయకండి. మీరు లేపిన అలే వెనకనుంచి తరుముకొచ్చి బోటులోకి దూకుతుంది. మెల్లగా తగ్గించి, అల మిమ్మల్ని దాటి పోయాక పాయలోకి తిప్పండి. జనం అంతా వెనక బల్లమీద కూర్చుంటే ఇద్దరిని ముందుకి పంపండి. వెనక బరువు తగ్గితే అల కూడా తగ్గుతుంది.

లోపలికి వెళ్లాక మాటిమాటికీ వెనక్కి చూడండి. వెనక నీరు ఉన్నట్టుండి కాఫీ రంగుకి మారితే ఫ్యాను (మోటారు కింద నీటిలో తిరిగే రెక్కలు) అడుగు బురదను చిలుకుతోందన్నమాట. మోటారు కాస్త పైకి ఎత్తండి, చాలకపోతే ఆపి గెడ వెయ్యండి. ఆగాల్సి వస్తే తాడు మడ చెట్టుకి కట్టొద్దు. బెరడు ఒరుసుకుపోవడం ఒకటి, బోటు ఊగి, బురదలోంచి చేతివేళ్లలా పొడుచుకొచ్చిన, మడ చెట్టు గాలి పీల్చుకునే ఊపిరి వేళ్లను విరగ్గొట్టడం ఇంకొకటి.

ఇంటిపని: గాలి లేవకముందు, తెల్లవారుజామున, అఖాతంలో లోతు తక్కువ ఇసుక మేట దగ్గర వెదురు గెడ పాతండి. దానిమీద అయిదు సెంటీమీటర్లకో గీత పెట్టండి. చుట్టుపక్కల వేట నావలు లేవని చూసుకుని, గెడకి ముప్పై మీటర్ల దూరంలో గంటకు ఆరు, పన్నెండు, పద్దెనిమిది కిలోమీటర్ల వేగాన మూడుసార్లు వెళ్లండి. తోడొచ్చినవాళ్లు గెడ దగ్గర అల ఎంత లేచిందో రాయాలి. పాయలో మాత్రం ఈ పరీక్ష చెయ్యొద్దు. వచ్చే పాఠం లంగరు మీద. ఈ కొలతల కాగితం దాచుకోండి, లంగరు తాడు పొడవు లెక్కలో అల ఎత్తు మళ్లీ వస్తుంది.