టైగర్-1 మోడల్: ముందు తయారీ నెల తేల్చుకోండి, తర్వాతే గమ్ము

టైగర్-1 అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు. దాని 1/35 స్కేల్ మోడల్ కిట్లలో చాలాసార్లు తొలి, మలి రకాల విడిభాగాలు ఒకే పెట్టెలో వస్తాయి. ఉన్నాయి కదా అని అన్నీ అంటిస్తే ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టని ట్యాంకు తయారవుతుంది. 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా తయారీ సాగినన్నాళ్లూ చిన్నచిన్న మార్పులు జరుగుతూనే ఉన్నాయి.

టరెట్‌కు (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) ఇరువైపులా మూడేసి పొగ గొట్టాలు, అంటే పొగ గుళ్లను పేల్చేవి, 1943 జూన్‌తో ఆగాయి. తుపాకీ గుళ్లు తగిలి అవి వాటంతటవే పేలితే, ఆ పొగలో సొంత సిబ్బందికే దారి కనబడేది కాదు. డ్రమ్ము లాంటి కుపోలా (కమాండర్ బయటికి చూసే చిన్న గోపురం) బదులు ఏడు పెరిస్కోపుల పోత కుపోలా జులైలో వచ్చింది. కాబట్టి ఈ కుపోలా, పొగ గొట్టాలు ఒకే బండి మీద ఉండకూడదు. మరమ్మతుకు వెళ్లొచ్చిన బండి అంటారా, ఫొటో ఉంటేనే నమ్మండి. జిమ్మెరిట్ (అయస్కాంత మైన్లు అంటుకోకుండా పూసే ముద్ద) పూత పూసిన బండికీ పొగ గొట్టాలు పెట్టొద్దు, ఆ పూత మొదలైందే 1943 వేసవి చివర్లో. ఉక్కు చక్రాలైతే 1944 ఫిబ్రవరి నుంచే.

ఇక టో కేబుల్, అంటే బండిని లాగే తాడు. అసలు తాడు 32 మి.మీ. లావు, 35తో భాగిస్తే 0.9. దారం వాడితే నూగు లేచి, డ్రైబ్రష్ (దాదాపు పొడి కుంచెతో రంగు రుద్దడం) చేయగానే బయటపడుతుంది. 0.3 మి.మీ. రాగి తీగలు ఏడు తీసుకోండి: మధ్యన ఒకటి, చుట్టూ ఆరు. సరిగ్గా 0.9 వస్తుంది. మెలితిప్పితే పొడవు తగ్గుతుంది గనుక కాస్త ఎక్కువే కోయండి. ముందు మంట మీద ఎర్రగా కాల్చి చల్లార్చాలి. ఈ పని ఎగ్గొడితే తీగ స్ప్రింగులా ఎగిరి, తాడును పట్టి ఉంచే క్లాంపులను ఊడబెరుకుతుంది. ఒక కొస వైస్‌లో, రెండోది హ్యాండ్ డ్రిల్‌లో బిగించి నెమ్మదిగా తిప్పండి. మరీ బిగిస్తే ముడులు పడతాయి. కోసే చోట సూపర్‌గ్లూ సూదిమొనతో ఒక్క చుక్క పెట్టి, ఆరాక కోస్తే పోగులు విచ్చుకోవు. చుక్క పెద్దదైతే మెలికల సందుల్లోకి పాకి తాడు కాస్తా కడ్డీలా కనిపిస్తుంది. కిట్‌లోని కొక్కేల వెనక 0.9 బిట్‌తో రెండు మి.మీ. లోతున తొలిచి కొసలు దూర్చండి.

ఎడమ పక్కనుండే ట్రాక్ మార్చే తాడు 14 మి.మీ.దే. దానికి 0.2 తీగలు మూడు పేనితే చాలు. రెండు తాళ్లూ ఒకే లావున కనిపించడం తరచూ దొర్లే తప్పు.