వైద్య పదాలు విడదీసి చదువుదాం – 3వ పాఠం: మాట ముందు ‘అ’, ‘అన్’

పోయిన రెండు పాఠాల్లో మాట చివర చూశాం. ‘ఐటిస్’ ఉంటే వాపు, ‘ఎక్టమీ’ ఉంటే కోసి తీసేయడం. ఇప్పుడు మాట మొదటికి వస్తున్నాం. ముందుగా తీసుకుంటున్నది గ్రీకు ఉపసర్గల్లో అన్నిటికన్నా చిన్నది. ఒక్క అక్షరం: ‘అ’.

అనంతపురంలో నర్సింగో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో, ఫార్మసీయో చదువుతున్నవాళ్ళలో చాలామంది పది దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళే. ఉరవకొండ, కళ్యాణదుర్గం, గుత్తి వైపు నుంచి వచ్చిన పిల్లలు ఫస్టియర్ పుస్తకం తెరవగానే టెన్షన్ పడతారు. ఎనీమియా, ఆప్నియా, అఫేసియా, అనూరియా అన్నీ ఒకేలా కనబడతాయి. బట్టీ పడతారు, పరీక్ష కాగానే మరిచిపోతారు. అంత కష్టం అక్కర్లేదు. ఈ మాటలు విడదీసే సూత్రం మీకు తెలుగు మాస్టారు ఎప్పుడో చెప్పేశారు.

నఞ్ తత్పురుష సమాసం గుర్తు తెచ్చుకోండి. న్యాయం కానిది అన్యాయం. సత్యం కానిది అసత్యం. పక్కన హల్లు ఉంటే ‘అ’ చాలు. పక్కన అచ్చు ఉంటే ‘అన్’ కావాలి: అన్ + ఆరోగ్యం అనారోగ్యం, అన్ + ఉచితం అనుచితం, అన్ + ఏకం అనేకం. మన ఊరి పేరు కూడా ఇలాంటిదే, అన్ + అంతం, అనంతం.

గ్రీకులో సూత్రం సరిగ్గా ఇదే. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. సంస్కృతం, గ్రీకు ఒకే పాత భాష నుంచి చీలి వచ్చినవి కాబట్టే ఇలా కలిసింది. 1786లో విలియం జోన్స్ అనే ఇంగ్లిషు జడ్జి కలకత్తాలో చేసిన ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని చెప్పాడు. మన అమృతం, గ్రీకు దేవతల ఆహారమైన అంబ్రోసియా ఒకే మాటకు రెండు రూపాలు. రెండిటికీ చావు లేనిదనే అర్థం. అజ్ఞానంలో ఉన్న ‘జ్ఞా’, అగ్నోసియాలో ఉన్న ‘గ్నో’ కూడా తోబుట్టువులే. అగ్నోసియా ఉన్న మనిషికి చూపు ఉంటుంది, ఎదురుగా ఉన్న వస్తువు ఏమిటో మాత్రం తెలియదు.

ఇక విడదీద్దాం. ప్రతి మాటకూ విగ్రహవాక్యం పైకి చదవండి. మనసులో అనుకుంటే చాలదు, నోటితో అనాలి.

ఆప్నియా: అ + ప్నియా. ప్నియా అంటే ఊపిరి. ఊపిరి లేకపోవడం. నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు.

అనూరియా: అన్ + యూరియా. ఇక్కడ యూరియా అంటే ఎరువు కాదు, మూత్రం అనే అర్థమిచ్చే గ్రీకు ముక్క, గ్రీకులో అది ‘ఊ’ అనే అచ్చుతో మొదలవుతుంది. మూత్రం లేకపోవడం. అయితే వార్డులో ఒక్క చుక్క కూడా రాకపోతేనే ఈ మాట వాడతారనుకోకండి. పెద్దవాళ్ళలో రోజుకు 100 మిల్లీలీటర్ల కంటే తగ్గితే అనూరియా అనే రాస్తారు. 400 లోపు ఉంటే ఆలిగూరియా. ‘ఆలిగో’ అంటే కొంచెం.

ఇది గట్టిగా పట్టుకోవాల్సిన విషయం. విగ్రహవాక్యంలో ‘లేదు’ అని వస్తుంది, జబ్బులో చాలాసార్లు ‘తక్కువ’ అని అర్థం. ఎనీమియాను చూడండి. అన్ + హైమా, హైమా అంటే రక్తం. రక్తం లేకపోవడం. రక్తమే లేకపోతే మనిషి ఎలా బతుకుతాడు? రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గడం అని దాని అసలు అర్థం. గర్భిణికి డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే ఎనీమియా అంటారు, 7 కంటే తగ్గితే తీవ్రమైనది. మన పల్లెల్లో ఆశా అక్కలు ‘రక్తం తక్కువుంది’ అంటారు. గ్రీకు మాట కన్నా ఆ మాటే నిజానికి దగ్గర.

ఎనీమియాలో ఇంకో సందేహం రావాలి. హైమాలో మొదట ‘హ’ ఉంది కదా, హల్లు ముందు ‘అన్’ ఎందుకొచ్చింది? గ్రీకులో ‘హ’కు విడిగా అక్షరం లేదు. అచ్చు మీద పెట్టే ఊపిరి గుర్తు మాత్రమే. అందుకే దాన్ని అచ్చుగానే లెక్కవేసి ‘అన్’ చేర్చారు. అన్‌హైడ్రస్, అన్‌హైడ్రోసిస్ అనే మాటలూ ఇలా వచ్చినవే. వినడానికి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి, స్పెల్లింగు చూస్తే తేడా తెలుస్తుంది. హెచ్ పక్కన వై ఉంటే నీరు, ఐ ఉంటే చెమట. కెమిస్ట్రీ ల్యాబులో నీరు లేని ఉప్పు అన్‌హైడ్రస్. చెమట పట్టకపోవడం అన్‌హైడ్రోసిస్. మన ఎండల్లో ఈ రెండోదాన్ని మరవకూడదు. మే నెలలో ఒళ్ళు కాలిపోతూ, చర్మం పొడిగా ఉండి, మాట తడబడుతున్న ముసలాయనను తీసుకొస్తే అది వడదెబ్బ కావచ్చని వెంటనే అనుమానించాలి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అని మాత్రం అనుకోవద్దు. ఎండలో పనిచేస్తూ పడిపోయినవాళ్ళకు చెమట ఉండొచ్చు. ఒంటి లోపలి వేడి 104 ఫారెన్‌హీట్ దాటడం, తెలివి తప్పడం అసలు గుర్తులు.

అఫేసియా, అఫోనియా. ఈ రెండిటి దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే కేస్ షీట్‌లో ఒకటి రాయబోయి ఇంకొకటి రాస్తే రోగి కథే మారిపోతుంది. ఫేసిస్ అంటే మాట, ఫోనె అంటే గొంతు ధ్వని (మన ఫోను కూడా అక్కడిదే). పక్షవాతం వచ్చినాయన గురించి ఇంట్లోవాళ్ళు ‘మాట పడిపోయింది సార్’ అంటారు. జాతరలో అరిచి అరిచి వచ్చినవాడు ‘గొంతు పోయింది’ అని సైగ చేస్తాడు. మాట పడిపోవడం అఫేసియా, దెబ్బ మెదడులో ఉంది. గొంతు పోవడం అఫోనియా, గొంతు పెట్టె సంగతి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు ఒక రోగిని చూశాడు. ఏది అడిగినా ‘టాన్’ అన్న ఒక్క ముక్కే ఆయన నోట వచ్చేది, అడిగింది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. ఆయన చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. కాబట్టి అఫేసియా ఉన్న మనిషి పక్కన నిలబడి, ఆయనకేమీ తెలియదన్నట్టు మాట్లాడకండి. చాలామందికి తెలుస్తుంది.

మత్తు విషయంలోనూ రెండు మాటలున్నాయి. అనస్థీషియా: అన్ + ఐస్థెసిస్, స్పర్శజ్ఞానం లేకపోవడం. 1846లో బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఈథర్ పీల్పించి నొప్పి తెలియకుండా ఆపరేషన్ జరిపించాక, ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే డాక్టరు ఆ స్థితికి ఈ పేరు సూచించాడు. ఎనాల్జీసియా: అన్ + ఆల్గోస్, నొప్పి లేకపోవడం. పారాసిటమాల్ వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, తాకితే తెలుస్తూనే ఉంటుంది. అందుకే అది ఎనాల్జెసిక్.

అసిస్టొలి, అరిథ్మియా త్వరగా చూద్దాం. మొదటిది గుండె ముడుచుకోకపోవడం, మానిటర్ మీద సాఫీ గీత. రెండోది లయ తప్పడం. సినిమాల్లో సాఫీ గీత రాగానే షాక్ ఇస్తారు. అది తప్పు. అసిస్టొలికి షాక్ పనిచేయదు. ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడమే పద్ధతి.

ఇప్పుడు మోసాలు. ‘అ’తో మొదలైన ప్రతిదీ మన ‘అ’ కాదు. ఆస్తమాలో లేదు, అది ఎగశ్వాస అనే అర్థమున్న పూర్తి గ్రీకు మాట. ఆంజియోగ్రామ్‌లో లేదు, ఆంజియో అంటే నాళం. గొర్రెలకు వచ్చే దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్‌లో లేదు. ఆ మాటకు బొగ్గు అని అర్థం, మనుషులకు సోకినప్పుడు చర్మం మీద కట్టే నల్లటి పొక్కును బట్టి ఆ పేరు. యాంటీసెప్టిక్‌లో ఉన్నది ‘యాంటీ’, ఎదురు అని అర్థం. ఎసెప్టిక్‌లో ఉన్నదే మన ‘అ’. పుండు మీద క్రిములను చంపడానికి రాసేది యాంటీసెప్టిక్. అసలు క్రిములే చేరనివ్వకుండా స్టెరైల్ గ్లౌజులతో కట్టుకట్టే పద్ధతి ఎసెప్టిక్.

అన్నిటికన్నా పెద్ద మోసం అనాటమీ. అన్ + ఆటమీ అని విడదీయబుద్ధవుతుంది. కాదు, అది అనా + టోమె. ‘అనా’ వేరే ఉపసర్గ. విప్పి, పూర్తిగా అనే అర్థంలో వస్తుంది. టోమె అంటే కోత. పోయిన పాఠంలోని ‘ఎక్టమీ’లో ఉన్న కోత కూడా ఇదే. ఆటమ్‌లో మాత్రం అ + టోమోస్, కోయడానికి వీల్లేనిది. పక్కపక్కనే పెట్టి నాలుగుసార్లు చదవండి, మళ్ళీ పొరబడరు. ఆర్గాన్ వాయువు కూడా అ + ఎర్గాన్, పని చేయనిది (అచ్చు ముందున్నా ఇక్కడ ‘అన్’ రాలేదు, ఇది మినహాయింపు). దేనితోనూ సులభంగా కలవదు కాబట్టి 1894లో ఆ పేరు పెట్టారు. వానలు పడగానే వజ్రకరూరు చేలల్లో జనం వెతికే రాయి ఉంది కదా, దాని ఇంగ్లిషు పేరు డైమండ్‌కు మూలం అడమాస్: అ + దమ, లొంగనిది. మన ‘అదమ్యం’ పక్కన పెట్టి చూడండి.

ఈ వారం అభ్యాసం. ఎట్రోఫీ, అనోరెక్సియా, అనోస్మియా, ఎఫెబ్రైల్, ఎనరోబిక్, అనలైసిస్. నోటుబుక్కులో విడదీసి, విగ్రహవాక్యం రాసి, ఎదురుగా వార్డులో మనవాళ్ళు దానికి ఏమంటారో రాయండి. ట్రోఫె అంటే పోషణ, ఒరెక్సిస్ ఆకలి, ఓస్మె వాసన. వీటిలో ఒకదాంట్లో మన ‘అన్’ లేదు. ఇంకొకదాంట్లో ‘అ’ గ్రీకుదే, దానికి అతికించిన మాట లాటిన్‌ది. అవి ఏవో పట్టుకోండి. జవాబులు 4వ పాఠం మొదట్లో ఇస్తాను, ఆ తర్వాత ‘డిస్’ మొదలుపెడదాం: డిస్ప్నియా, డిస్యూరియా, డిసెంట్రీ.