రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉండగానే డేటాబేస్‌లు వెతకడం ఎలా?

కాకతీయ మెడికల్ కాలేజీలో సినాప్సిస్ రాసే పీజీలైనా, కాకతీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేవారైనా రిఫరెన్సుల కోసం పడే పాట్లు ఒకటే. బ్రౌజర్‌లో వెతకాలి, ఫైల్ దించుకోవాలి, దాన్ని మళ్లీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. రిఫరెన్సులను దాచి, థీసిస్‌లో పేర్చిపెట్టే ఎండ్‌నోట్, జాబ్‌రెఫ్ అనే సాఫ్ట్‌వేర్లలో ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. సాఫ్ట్‌వేరే నేరుగా డేటాబేస్‌ను అడిగి రికార్డులు తెస్తుంది. తెలిసిన పేపర్లు తెచ్చుకోవడానికి, ఒక చిన్న అంశం మీద ఏం వచ్చిందో చూడటానికి ఇది మంచి దారి. సిస్టమాటిక్ రివ్యూకి (ఒక అంశం మీద వచ్చిన పేపర్లన్నిటినీ పద్ధతి ప్రకారం వెతికి బేరీజు వేసే రివ్యూకి) మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ఎందుకో కింద పాముకాటు ఉదాహరణ దగ్గర తెలిసిపోతుంది.

ఎండ్‌నోట్ 20, 21లలో ఎడమ పక్కన ‘ఆన్‌లైన్ సెర్చ్’ అనే భాగం ఉంటుంది. అందులో పబ్‌మెడ్ (వైద్య పరిశోధన పేపర్ల డేటాబేస్) మీద నొక్కండి. కనిపించకపోతే ‘మోర్’ నొక్కితే పెద్ద జాబితా తెరుచుకుంటుంది, అందులోంచి ఎంచుకోవచ్చు. పైన వచ్చే గళ్లలో ఏ ఫీల్డులో వెతకాలో (రచయిత, టైటిల్, సంవత్సరం) ఎంచుకుని, మాటలు టైప్ చేసి సెర్చ్ కొట్టండి. వచ్చినవి ఇంకా మీ లైబ్రరీలో చేరలేదని గుర్తుంచుకోండి. కావాల్సినవి ఎంచుకుని ‘యాడ్ టు లైబ్రరీ’ నొక్కితేనే చేరతాయి. ఎక్స్9, అంతకు ముందరి వెర్షన్లలో సంగతి వేరు. అక్కడ మూడు మోడ్‌లు ఉండేవి. ‘ఇంటిగ్రేటెడ్’ మోడ్‌లో వెతికితే వచ్చినవన్నీ నేరుగా లైబ్రరీలో పడేవి. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో పాత వెర్షన్ ఉంటే వెతికే ముందే ‘ఆన్‌లైన్ సెర్చ్’ మోడ్‌కు మార్చుకోండి. ఎన్ని రికార్డులు దించాలని అది అడిగినప్పుడు 1 నుంచి 50 వరకు చాలని ఇవ్వండి. వేలల్లో ఇస్తే తర్వాత ఏరుకోవడమే ఒక పని అవుతుంది.

పాముకాటు మీద వెతుకుతున్నారనుకుందాం. పబ్‌మెడ్ సైటులో ‘స్నేక్ బైట్’, ‘ఇండియా’ అని మామూలుగా టైప్ చేస్తే, ఆ మాటలను అది తనంతట తానే ‘స్నేక్ బైట్స్’ అనే మెష్ పదానికి (పేపర్లకు అంశాన్ని బట్టి పెట్టే ప్రామాణిక పేరుకు) కలిపి వెతుకుతుంది. అందుకే టైటిల్లో ఆ మాట లేని పేపర్లు కూడా దొరుకుతాయి. మాటలను కోట్స్‌లో పెట్టినా, ఫలానా ఫీల్డులోనే వెతకమని చెప్పినా ఈ కలపడం ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ ఫీల్డు ఎంచుకుని వెతికితే సైటులో కన్నా తక్కువ రావడానికి కారణం అదే. సైటులో అయితే ‘అడ్వాన్స్‌డ్’ పేజీకి వెళ్లి, మీ మాటలను పబ్‌మెడ్ ఎలా విడమర్చుకుందో కళ్లారా చూడొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఆ వివరం కనబడదు. కనబడనిదాన్ని మెథడ్స్‌లో రాయలేం కదా. రివ్యూ కోసమైతే సైటులోనే వెతికి, తేదీ, వాడిన మాటలు, వచ్చిన సంఖ్య అదే రోజు రాసిపెట్టుకుని, ఆ తర్వాత రికార్డులను ఎక్కించుకోండి.

రచయిత పేరుతో వెతకడం మనవాళ్ల విషయంలో ప్రత్యేకంగా ఇబ్బంది పెడుతుంది. పబ్‌మెడ్ పేరును ‘చివరి పేరు, ఆపై పొడి అక్షరాలు’ అన్న పద్ధతిలో దాస్తుంది. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. ఇంటిపేరు గడ్డం, పేరు రమేష్ అనుకుందాం. జర్నల్లో ‘గడ్డం రమేష్’ అని అచ్చయితే డేటాబేస్‌లో అది ‘రమేష్ జి’ అయి కూర్చుంటుంది. ‘రమేష్ గడ్డం’ అని అచ్చయితే ‘గడ్డం ఆర్’ అవుతుంది. ఒకే మనిషి రెండు చోట్ల ఉంటాడు. కాబట్టి రెండు రకాలుగానూ వెతకండి. రెడ్డి, రావు లాంటి పేర్లతో ఒక్క పొడి అక్షరం పెట్టి వెతికితే కుప్పలు తెప్పలుగా వస్తాయి, టైటిల్లోని ఒక మాట కూడా జత చేయండి. తెచ్చుకున్నాక లైబ్రరీలో పేరు తిరగబడి ఉంటే అక్కడే సరిచేయాలి. జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అయితే పేరు మీద రైట్‌క్లిక్ చేసి ముందు వెనుకలు మార్చేయొచ్చు.

డబ్బు పెట్టలేనివారికి జాబ్‌రెఫ్ ఉంది. లేటెక్‌లో థీసిస్ రాసే నిట్ విద్యార్థులకు ఇదే ఎక్కువ సుఖం, ఎందుకంటే దాని ఫైలే బిబ్‌టెక్ ఫైలు (లేటెక్ రిఫరెన్సులు తీసుకునే ఫైలు). పక్క పేన్‌లో ‘వెబ్ సెర్చ్’ తెరిచి ఆర్కైవ్, క్రాస్‌రెఫ్, డీబీఎల్‌పీ, మెడ్‌లైన్ లాంటి డేటాబేస్‌లలో ఒకటి ఎంచుకోండి. వచ్చిన జాబితాలో టిక్ పెట్టినవే లోపలికి వస్తాయి. కొన్ని డేటాబేస్‌లకు ఏపీఐ కీ (సాఫ్ట్‌వేర్ వాడేవారికి డేటాబేస్ ఇచ్చే కోడ్) అడుగుతుంది, ప్రిఫరెన్సెస్‌లోని వెబ్ సెర్చ్ భాగంలో పెట్టాలి.

జొటెరోలో ఇలా డేటాబేస్ వెతికే పెట్టె లేదు. దానికి బదులు మంత్రదండం గుర్తు ఉంటుంది. డీఓఐ (పేపర్‌కు ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య), ఐఎస్‌బీఎన్, పబ్‌మెడ్ ఐడీ, ఆర్కైవ్ ఐడీ ఏది వేసినా రికార్డు వచ్చేస్తుంది. రిఫరెన్స్ జాబితా చేతిలో ఉన్నప్పుడు ఇంతకన్నా వేగమైన దారి లేదు. ఒకేసారి చాలా ఐడీలు అతికించవచ్చు కూడా. ఇంకో మంచి సౌకర్యం ఫీడ్. పబ్‌మెడ్‌లో వెతికాక సెర్చ్ పెట్టె కింద ‘క్రియేట్ ఆర్‌ఎస్‌ఎస్’ నొక్కి, వచ్చిన లింకును జొటెరోలో ‘న్యూ ఫీడ్’ కింద ఇవ్వండి. ఆ అంశం మీద కొత్త పేపర్ వచ్చినప్పుడల్లా అక్కడే కనబడుతుంది. ఫీడ్‌లోవి కొన్నాళ్లకు వాటంతటవే తొలగిపోతాయి, నచ్చినవి వెంటనే లైబ్రరీలోకి లాగేయండి.

ఇక పని ఆగిపోయే సందర్భాలు. ‘కనెక్ట్ కాలేదు’ అని వస్తే ముందు ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. దాంతో పనిచేస్తే తప్పు క్యాంపస్ ఫైర్‌వాల్‌ది. లైబ్రరీ కేటలాగ్‌లు చాలావరకు జెడ్39.50 అనే ప్రోటోకాల్ మీద, సాధారణంగా 210 నంబరు పోర్టులో నడుస్తాయి. వెబ్‌సైట్లు బాగానే తెరుచుకుంటున్నా ఈ పోర్టు మూసి ఉండొచ్చు. నెట్‌వర్క్ చూసేవారికి పోర్టు నంబరుతో సహా చెప్తే పని త్వరగా అవుతుంది. ల్యాబ్‌లో అందరూ ఒకేసారి పబ్‌మెడ్‌ను అడిగితే మధ్యలో ఆగిపోవడానికి కారణం వేరు. ఏపీఐ కీ లేకుంటే ఒక్కో ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి సెకనుకు 3 అభ్యర్థనలే తీసుకుంటుంది, కీ ఉంటే 10. ల్యాబ్ మొత్తానికీ బయటికి కనబడేది ఒకే ఐపీ అయితే ఆ 3 అందరికీ కలిపే. కాసేపు ఆగి మళ్లీ కొట్టండి.

పీడీఎఫ్ రాకపోవడం ఇంకో ఫిర్యాదు. రికార్డు రావడం వేరు, పూర్తి పేపర్ రావడం వేరు. 2025 జనవరి నుంచి నడుస్తున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌తో ప్రభుత్వ విద్యాసంస్థలకు చాలా జర్నళ్లు అందుతున్నాయి. సంస్థ నెట్‌వర్క్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్ దానంతట అదే పీడీఎఫ్ తెచ్చే అవకాశం ఎక్కువ. హాస్టల్లో సొంత సిమ్ మీద ఉండి బ్రౌజర్‌లో లాగిన్ అయితే ఆ లాగిన్ బ్రౌజర్‌కే పరిమితం. పీడీఎఫ్‌ను బ్రౌజర్‌లోనే దించి రికార్డు మీదికి లాగి వదలాలి.

గూగుల్ స్కాలర్‌ను ఈ పద్ధతిలో వెతకాలని చూడకండి. అది బయటి సాఫ్ట్‌వేర్లకు అధికారికంగా దారి ఇవ్వలేదు. వేరే మార్గాల్లో వెళ్తే క్యాప్చా అడ్డం పడుతుంది.

చరిత్ర, తెలుగు సాహిత్యం మీద పనిచేసేవారు విదేశీ లైబ్రరీ కేటలాగ్‌లలో తెలుగు లిపితో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు. అక్కడ తెలుగు పుస్తకాలను ఇంగ్లిష్ అక్షరాల్లో, దీర్ఘాలకు పైన గీతలు పెట్టి ఎక్కిస్తారు. గీతలు లేకుండా ఇంగ్లిష్ అక్షరాలతోనే వెతకండి. వరంగల్, హనుమకొండల్లో అచ్చయిన చిన్న పుస్తకాలకు, స్థల చరిత్రలకు ఐఎస్‌బీఎన్ లేకుంటే మంత్రదండంతో లాభం లేదు. టైటిల్ పేజీ, దాని వెనుక పేజీ ఫోన్లో ఫొటో తీసుకుని, రకం ‘బుక్’ అని ఎంచుకుని చేత్తో ఎక్కించండి. టైటిల్ తెలుగు లిపిలోనే ఉంచండి. శోధగంగ (భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉండే వెబ్‌సైటు)లోని సిద్ధాంత గ్రంథాలకు రకం ‘థీసిస్’ అని పెట్టి, విశ్వవిద్యాలయం పేరు తప్పకుండా నింపండి. ఆ గడి ఖాళీగా ఉంటే బిబ్లియోగ్రఫీలో సంస్థ పేరే రాదు.

రెండు మూడు డేటాబేస్‌ల నుంచి తెచ్చాక డూప్లికేట్లు తీసేయండి. ఎండ్‌నోట్ మామూలుగా రచయిత, సంవత్సరం, టైటిల్, రకం పోల్చి చూస్తుంది. ముందు ఆన్‌లైన్‌లో వచ్చి, తర్వాతి సంవత్సరం సంచికలో చేరిన పేపర్ రెండు సంవత్సరాలతో ఉంటే అది పట్టుకోలేదు. సంవత్సరం తీసేసి, డీఓఐ పెట్టి మరోసారి వెతికించండి.