మా మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌కు రాజ్యాంగం రాసుకున్నాం

బ్లాకులతో కోటలు కట్టుకునే ఈ గేమ్‌లో మా సర్వర్‌కు మొదట 43 రూల్స్ రాశాను. ఎవడూ చదవలేదు. ఒకడు పక్కవాడి కోటను టీఎన్‌టీతో లేపేసి, "పేల్చకూడదని ఎక్కడుంది?" అని నన్నే నిలదీశాడు. నిజంగానే లేదు!

అప్పుడు రాజ్యాంగాన్నీ చట్టాలనూ విడదీశాను. రాజ్యాంగం ఒక్క పేజీ: సర్వర్ నడిపే అడ్మిన్‌ను ఎలా ఎన్నుకోవాలి, బ్యాన్ ఎవరు వేయాలి, అప్పీలు ఎవరు వినాలి. దాన్ని సవరించాలంటే మన దేశ రాజ్యాంగం 368వ అధికరణంలోలా మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. చట్టాలకు మామూలు మెజారిటీ చాలు. బ్యాన్ వేసిన అడ్మినే అప్పీలు వినకూడదన్న ఒక్క వాక్యం దగ్గర రెండు రాత్రులు గొడవ. అడ్డుపడింది నేనే, అడ్మిన్‌ని కదా.

రుజువులకు కోర్‌ప్రొటెక్ట్ అనే ప్లగిన్ (సర్వర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రామ్) ముందే పెట్టి ఉంచాం. ఏ బ్లాక్ ఎవరు పగలగొట్టారో లాగ్ చెప్పేస్తుంది. ఆ లాగ్‌తో రోల్‌బ్యాక్ కొడితే, అంటే జరిగిన మార్పులను వెనక్కి తిప్పితే, కోట మళ్లీ లేచింది. పేల్చినవాడికి మాత్రం శిక్ష లేదు: పాత పనికి కొత్త చట్టం వర్తించదని మేమే రాసుకున్నాం.